మన సందు – మన మునిసిపాలిటీ

మన దేశ ప్రధాని ఎవరని అడిగితే బడిపిల్లవాడు కూడా తడుముకోకుండా చెబుతాడు. అమెరికా ఎన్నికల్లో ఎవరు గెలిస్తే ఏమవుతుందో మన హాస్టలు మెస్సులో అర్ధరాత్రి దాకా వాదించుకుంటాం. కాని, మీ యింటి ముందున్న సిమెంటు రోడ్డు ఎప్పుడు వేశారు, ఏ పద్దు కింద వేశారు, ఎంత మందాన వేశారు, అసలు వెయ్యాలని ఎవరు నిర్ణయించారు అని అడిగి చూడండి. పట్టభద్రులు సైతం నీళ్ళు నములుతారు. "ఎవరేస్తే ఏంటండీ, మునిసిపాలిటీ వాళ్ళేశారు" అని దులుపుకుంటారు. ప్రభుత్వం మనిషికి అన్నింటికన్నా దగ్గరగా వచ్చి నిలబడేది ఆ పది అడుగుల సందులోనే. ఐనా దాన్ని గురించి మనకు తెలిసింది బహు తక్కువ.

నేను రాజనీతిశాస్త్రం విద్యార్థిని. 'స్థానిక స్వపరిపాలన' మాకొక పేపరు. రిప్పన్ తీర్మానం ఏ సంవత్సరం, పన్నెండో షెడ్యూలులో ఎన్ని అంశాలు అని అడిగితే మేం నిద్రలో లేపినా చెబుతాం. ఐతే ఆ పుస్తకాల్లో లేని కొన్ని సంగతులు గత ఏడాదిన్నరగా మా ఊళ్ళో మా సందు రోడ్డు ఫైలు వెంట తిరగడం వల్ల తెలిశాయి. వాటిని సాటి విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం. మా ఊరు గోదావరి డెల్టాలో ఒక మునిసిపాలిటీ. పేరు చెప్పను. పల్లపు నేల మీదున్న ఏ ఊరి పేరు పెట్టుకుని చదివినా చాలావరకు సరిపోతుంది.

మా సందు పొడవు అరవై మీటర్లు, వెడల్పు మూడు మీటర్లు. మా నాన్నగారి చిన్నతనంలో అది మట్టిసందు. ఇళ్ళన్నిటికీ అరుగులుండేవట. సందులోంచి అరుగెక్కడానికి మూడు మెట్లు. తరవాత కంకర పోసి మెటల్ రోడ్డు చేశారు. ఒక మెట్టు పోయింది. కొన్నాళ్ళకి దాని మీద సిమెంటు రోడ్డు వేశారు. రెండో మెట్టు పోయింది. ఆ సిమెంటు పగిలితే, పగిలిన రోడ్డు తియ్యకుండా దాని మీదే మరో పొర పోశారు. దాంతో మూడో మెట్టూ పోయింది, అరుగులూ పోయాయి. ఇప్పుడు పాత ఇళ్ళలోకి సందులోంచి దిగాలి. కొత్తగా కట్టుకునేవాళ్ళు పునాది నాలుగడుగులు లేపుకుంటున్నారు. పాత పెంకుటింటివాళ్ళు మాత్రం గుమ్మానికి అడ్డంగా రెండు వరసల ఇటుకలు కట్టి, వాటిని దాటుకుంటూ తిరుగుతున్నారు. వానాకాలంలో ఇటుకలూ ఆగవు. మురుగునీళ్ళు వంటింటిదాకా వస్తాయి.

అలాంటి సందుకి మళ్ళీ సిమెంటు రోడ్డు మంజూరైందని రెండేళ్ళ కిందట కబురొచ్చింది. అందరూ సంతోషించారు, ఎదురింటి మామ్మగారు తప్ప. "మళ్ళీ రోడ్డా బాబూ! ఇంకో జానెడు లేస్తే నేను కిటికీలోంచి దిగాలిరా. వెయ్యొద్దని చెప్పే దిక్కెవరూ లేరా?" అంది. రోడ్డు కావాలని అర్జీలు పెట్టినవాళ్ళని చూశాం గాని, వద్దని అడిగేవాళ్ళు అరుదు. ఆవిడ మాటతోనే నాకీ ఫైలు మీద కుతూహలం కలిగింది. రోడ్డు వెయ్యాలనీ, ఇంత ఎత్తున వెయ్యాలనీ, కాలువ అక్కర్లేదనీ ఎవరు నిర్ణయించారు? ఎప్పుడు నిర్ణయించారు?

కౌన్సిలులో అని మనం అనుకుంటాం. పాఠ్యపుస్తకాలూ అలాగే చెబుతాయి. కౌన్సిలు తీర్మానం చేస్తుంది, కమిషనరు అమలు జరుపుతాడు. చట్టప్రకారం అది నిజమే. కాని, కౌన్సిలు ముందుకొచ్చే ఎజెండాలో మా సందు గురించి ఉన్నది ఒక్క పంక్తి: ఫలానా వార్డులో ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి వరకు సి.సి. రోడ్డు నిర్మాణం, అంచనా ఇంత. దానికి ముందూ వెనకా అలాంటివే పదుల కొద్దీ పంక్తులు. చదువుతారు, ఆమోదం అంటారు, తరవాతి అంశానికి పోతారు. రోడ్డు ఎత్తెంత, కింద ఏముంది, నీరెటు పోతుంది అన్న ప్రశ్నలకు జవాబు అంతకు ముందే, ఎస్టిమేటు అనే నాలుగు కాగితాల్లో రాసేసి ఉంటుంది. ఆ నాలుగు కాగితాలు కౌన్సిలర్లలోనే చాలామంది చూడరు. ఇక సందులోవాళ్ళ సంగతి చెప్పాలా?

ఈ సంస్థకి ఇంత అధికారం ఎలా వచ్చిందో రెండు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం. తెలుగునాట భీమునిపట్నానికి 1861లోనే మునిసిపాలిటీ వచ్చింది. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం కింద మరుసటి సంవత్సరం గుంటూరు, కాకినాడ వంటి ఊళ్ళు మునిసిపాలిటీలయ్యాయి. రోడ్లు, దీపాలు, పారిశుద్ధ్యం – వాటి పని ముఖ్యంగా ఇదే. ఎన్నుకున్నవాళ్ళ చేతికి పెత్తనం రావాలన్న రిప్పన్ తీర్మానం 1882లో వచ్చింది. కోస్తా, రాయలసీమల్లో 1920 నాటి మద్రాసు చట్టం, తెలంగాణాలో హైదరాబాదు చట్టం నడుస్తుండగా 1965లో రాష్ట్రమంతటికీ ఒకే మునిసిపాలిటీల చట్టం చేశారు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకొచ్చింది. దానితో వచ్చిన పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో రోడ్లు, వంతెనలు నాలుగోది. అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోనే రాశారు. రాసినంత మాత్రాన జరిగాయా? 2005లో ఎన్నికైన కౌన్సిళ్ళ గడువు 2010లో తీరితే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2014లో. వాటి గడువు 2019లో తీరితే ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు జరిగింది 2021 మార్చిలో. మధ్యకాలంలో ప్రత్యేకాధికారులు. మా సందులో రెండో పొర సిమెంటు పడింది అలాంటి ప్రత్యేకాధికారి కాలంలోనే. అప్పుడు అడగడానికి వార్డుకి మెంబరంటూ ఒకరు లేరు.

సరే, మొదటి ప్రశ్న: సందు ఎవరిది? ఇదేం ప్రశ్న అనుకోకండి. చట్టం వీధుల్ని రెండు రకాలుగా చూస్తుంది. పబ్లిక్ వీధి మునిసిపాలిటీకి సంక్రమించినది. దాన్ని బాగుచెయ్యడం మునిసిపాలిటీ బాధ్యత. ప్రైవేటు వీధి అలా కాదు. ఎవరో తమ పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముకుంటూ మధ్యలో వదిలిన దారి, మునిసిపాలిటీ అధీనంలోకి తీసుకోనంత కాలం ప్రైవేటు వీధే. దాన్ని చదును చేసి, కాలువ తీసి, రోడ్డు వేసుకోమని అటూ ఇటూ ఉన్న ఇళ్ళవాళ్ళకే నోటీసు ఇవ్వవచ్చు. బాగుచేశాక పబ్లిక్ వీధిగా ప్రకటించవచ్చు. ఊరి చివరి కొత్త కాలనీల్లో పదేళ్ళయినా బురదలోనే నడవడానికి ముఖ్యకారణం ఇదే. అక్కడ లే-అవుటుకి అనుమతి లేదు, ఆ దారి రికార్డుకెక్కలేదు. కాబట్టి మీ సందుకి రోడ్డు రావడం లేదంటే మొదట అడగవలసింది, మునిసిపాలిటీ రోడ్ల రిజిస్టరులో మీ సందు ఉందా అని. మా సందు ఉంది.

రెండోది డబ్బు. ఇంటిపన్ను, ఖాళీస్థలాల పన్ను, నీటి చార్జీలు, ప్లాను ఫీజులు – ఇవి మునిసిపాలిటీ సొంత ఆదాయం, దీన్నే జనరల్ ఫండ్సు అంటారు. జీతాలూ కరెంటు బిల్లులూ చెత్త బండ్లూ పోగా మిగిలేదే పనులకి. ఇంటిపన్నుని ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం సవరించి, అద్దె విలువ మీద నుంచి ఆస్తి మూలధన విలువ మీదకి మార్చారు. పన్ను పెరిగిందని మన ఇళ్ళలో గొణుక్కున్నది అందుకే. ఇక పైనుంచి వచ్చేవి ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లు. 2021–26 కాలానికి పదిహేనవ ఫైనాన్స్ కమిషన్ పది లక్షల లోపు జనాభా గల పట్టణాల గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టిపెట్టింది. అందులోంచి సందు రోడ్డు వెయ్యడానికి లేదు, మిగిలిన 40 శాతంలో సర్దుకోవాలి. ఇవి కాక 1993లో మొదలైన ఎం.పీ. నిధులు, ఎమ్మెల్యే ద్వారా వచ్చేవి, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం కింద ఎస్సీ, ఎస్టీ పేటలకు ఖర్చు పెట్టవలసినవి. ఏ పద్దు నుంచి వస్తే ఆ పద్దు షరతులు. రోడ్డు ఒక పద్దులో, కాలువ మరో పద్దులో ఉంటే రెండూ ఒకేసారి రావు. మా సందుకి జరిగింది సరిగ్గా ఇదే.

ఇక్కడొక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వార్డుకి ఇంత అని డబ్బు వచ్చిందనుకోండి. వార్డులో పది సందులున్నాయి. కౌన్సిలరు గారు ఏం చేస్తారు? ఒక సందుని పైపుతో, కాలువతో, రోడ్డుతో సంపూర్ణంగా బాగుచేస్తే తొమ్మిది సందులవాళ్ళు మళ్ళీ మొహం చూడరు. అందుకని పదింటికీ పంచుతారు. పంచితే ఒక్కో సందుకి రోడ్డుకి సరిపోతుంది గాని కాలువకి సరిపోదు. రోడ్డు కంటికి కనిపిస్తుంది, కొబ్బరికాయ కొట్టడానికి అనువుగా ఉంటుంది. కాలువకి ఎవరు కొబ్బరికాయ కొడతారు? మనవాళ్ళు ప్రతిదానికీ లంచం అనే ఒక్క కారణం చెప్పి ఊరుకుంటారు. లంచాలు లేవని నేననను. కాని, మా సందులాంటివి మునగడానికి లంచం కన్నా ఈ పంపకమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. దీనిలో మన పాత్ర కూడా ఉంది. మాకేదని అడిగే తొమ్మిది సందులవాళ్ళమూ మనమే గదా.

ఇక ఫైలు ప్రయాణం. అర్జీ గాని కౌన్సిలరు కోరిక గాని వస్తే అసిస్టెంటు ఇంజనీరు వచ్చి టేపు పెట్టి కొలుస్తారు. ఆంధ్రలో 2019 అక్టోబరు నుంచి వచ్చిన వార్డు సచివాలయాల్లో రోడ్లు, కాలువలు, వీధిదీపాలు చూసేందుకు ఒక కార్యదర్శిని కూడా పెట్టారు కనుక మొదటి కాగితం అక్కడే పుట్టవచ్చు. కొలతలకి ప్రభుత్వం ప్రకటించే ధరల పట్టిక ప్రకారం రేట్లు వేస్తే ఎస్టిమేటు తయారవుతుంది. దానికి రెండు అనుమతులు కావాలి. డబ్బు ఖర్చుపెట్టవచ్చని చెప్పేది పరిపాలనా అనుమతి. ఇంజనీరింగు దృష్ట్యా సరిగా ఉందని చెప్పేది సాంకేతిక అనుమతి. మొత్తాన్ని బట్టి ఇది మునిసిపాలిటీలోని ఇంజనీరు దగ్గరే తేలవచ్చు, పై ఇంజనీర్ల దాకా పోవచ్చు. తరవాత టెండరు. మన రాష్ట్రంలో 2003 నుంచి పెద్ద పనుల టెండర్లు కంప్యూటరు మీదే నడుస్తున్నాయి. కాంట్రాక్టర్లు ఎస్టిమేటు కన్నా ఇంత శాతం తక్కువకి చేస్తామని కోట్ చేస్తారు. దాన్ని వాళ్ళ భాషలో 'లెస్సు' అంటారు. ఇరవై, ఇరవై అయిదు శాతం లెస్సుకి పని పట్టుకున్నాడని వింటే మునిసిపాలిటీకి మిగిలిందని మనం సంతోషిస్తాం. ఆ లెస్సుని అతను ఎక్కడ పూడ్చుకుంటాడన్నది తరవాత తెలుస్తుంది.

ఎక్కడో చెబుతాను, లెక్క సులభమే. మా సందు అరవై మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం అంటే 27 ఘనపు మీటర్ల కాంక్రీటు. అదే మందం పది సెంటీమీటర్లకి తగ్గితే 18. తొమ్మిది ఘనపు మీటర్లు, అంటే మూడో వంతు, గాలిలో కలిసిపోయింది. పైనుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. అంచుల్లో పలకలు పెట్టి పదిహేనూ పోసి, మధ్యలో నేలని ఎత్తుగా ఉంచితే కొలిచేవాడికి కూడా పదిహేనే కనిపిస్తుంది. ఇక తడపడం ఉంది. కాంక్రీటు పోశాక మట్టితో మడులు కట్టి కనీసం రెండు వారాలు నీళ్ళు నిలబెట్టాలి. మనవాళ్ళకి ఆ రెండు వారాలూ బండి తిప్పుకోవడానికి కుదరదని నాలుగో రోజునే మడులు తొక్కేస్తారు. ఇందులో కాంట్రాక్టరు తప్పెంతో సందువాళ్ళ తప్పూ అంతే. పోసేటప్పుడు తీసిన దిమ్మెల్ని ఇరవై ఎనిమిది రోజులయ్యాక యంత్రం కింద నొక్కి బలం చూస్తారు. ఇది మన ఇంజనీరింగు మిత్రులకి బాగా తెలుసు. పని అయ్యాక కొలతలు ఎక్కించే పుస్తకాన్ని ఎం.బుక్ అంటారు. అసిస్టెంటు ఇంజనీరు రాస్తారు, పై ఇంజనీరు సరిచూస్తారు. బిల్లు దాని మీదే అవుతుంది. ఒకసారి ఎం.బుక్‌లోకి ఎక్కింది సత్యం. దాన్ని కాదనాలంటే రోడ్డు తవ్వి చూపించాలి.

మరి ఈ కాగితాలు మనం చూడవచ్చా? చూడవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం పేరు అందరికీ తెలుసు. కాగితాల నకళ్ళు అడగవచ్చనీ, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలనీ తెలుసు. కాని ఆ చట్టంలో రెండో సెక్షను (జె) క్లాజు చదివినవాళ్ళు తక్కువ. సమాచార హక్కు అంటే నకళ్ళు ఒక్కటే కాదు. జరుగుతున్న పనిని, రికార్డుల్ని స్వయంగా తనిఖీ చెయ్యడం, అందులోంచి రాసుకోవడం, వాడిన సరుకు నమూనాని ధ్రువీకరించి ఇమ్మని అడగడం కూడా ఆ హక్కులో భాగమే. అంటే సిమెంటు కాంక్రీటు నమూనా ఇమ్మని అడగవచ్చునన్నమాట. ఇంత చక్కని మాట చట్టంలో ఉండగా మనం ఊరికే సందు చివర నిలబడి గొణుక్కుంటున్నాం.

మేము నలుగురం మిత్రులం మా సందు ఎస్టిమేటు, అనుమతుల కాగితాలు తనిఖీ చేస్తామని అర్జీ పెట్టాం. గడువు దగ్గరపడ్డాక కబురొచ్చింది. ఫైలు మా ముందు పెట్టిన గుమాస్తా గారు, "చదువుకున్న పిల్లలు, మీకెందుకయ్యా ఈ గొడవలు, ఉద్యోగాలు చూసుకోక" అని పెద్దరికంగా మందలించారు గాని కుర్చీలు వేయించారు, టీ కూడా తెప్పించారు. ఎస్టిమేటులో ఉన్నవి మూడే పద్దులు. పది సెంటీమీటర్ల గ్రావెల్, దాని మీద పదిహేను సెంటీమీటర్ల కాంక్రీటు, అంచుల్లో పలకల సెంట్రింగు. పాత రోడ్డు తవ్వి తీసే పద్దు లేదు. కాలువ లేదు. అంటే ఇప్పుడున్న ఎత్తు మీద మరో పాతిక సెంటీమీటర్లు, పది అంగుళాలు. ఇప్పటికే లేచిన అడుగున్నరకి ఇది కలిపితే రెండడుగుల పైమాటే. మామ్మగారు చెప్పిన జానెడు అతిశయోక్తి కాదు, లెక్క ప్రకారం కొంచెం తక్కువే చెప్పింది.

అసిస్టెంటు ఇంజనీరు గారిని అడిగాం. కుర్రవాడు, మనకన్నా నాలుగేళ్ళు పెద్ద. "చూడండి తమ్ముడూ, మంజూరైన సొమ్ముకి ఇంతే వస్తుంది. పాత సిమెంటు పగలగొట్టాలంటే బ్రేకరు పెట్టాలి, ఆ రాళ్ళు ట్రాక్టర్లలో ఎత్తి పోయించాలి, పగలగొట్టేటప్పుడు కుళాయి పైపులన్నీ పోతాయి. అవన్నీ కలిపితే సగం సందుకే రోడ్డొస్తుంది. సగం సందు వేస్తే మీరే నన్ను కొడతారు" అన్నాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. వార్డంతటికీ ఒక్కడే. బండి మీద తిరిగేది ఎండలో, సంతకం పెట్టేది అందరికన్నా ముందు, రేపు ఏదైనా అయితే జవాబు చెప్పేదీ ఆయనే.

ఐతే సగం సందు వేసినా సరే, తవ్వే వెయ్యాలని మేం ఎందుకు పట్టుబట్టామో చెప్పాలి. కాగితం మీద మాట కాకుండా కొలత చూపించాలనుకున్నాం. మేస్త్రీలు వాడే నీటి గొట్టం తెలుసు గదా. పారదర్శకంగా ఉండే సన్నని ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్ళు నింపి రెండు చివర్లూ రెండు చోట్ల పట్టుకుంటే నీరు రెండు వైపులా ఒకే మట్టంలో నిలుస్తుంది. రెండు వెదురు కర్రల మీద ఆ మట్టం గుర్తు పెట్టుకుని నేలదాకా కొలిస్తే ఏ చోటు ఎంత ఎత్తో, ఎంత పల్లమో తెలిసిపోతుంది. లక్ష రూపాయల పరికరం అక్కర్లేదు. మా పక్కింటి తాపీమేస్త్రీ బాబాయి గొట్టం ఇచ్చి, బుడగలు లేకుండా నీళ్ళెలా నింపాలో చూపించాడు. ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి ప్రతి గుమ్మం ముందూ రోడ్డు ఎత్తు, ఇంటి లోపలి నేల ఎత్తు రాసుకున్నాం. పిల్లలంతా వెనకాలే. పెద్దవాళ్ళు మొదట నవ్వారు. తరవాత "మాది కూడా చూడండర్రా" అని పిలిచారు.

రాసుకున్నాక తేలింది ఏమిటంటే సందులో ఏడిళ్ళ నేల రోడ్డు కన్నా పల్లంలో ఉంది. కొత్త రోడ్డు పడితే మరో నాలుగిళ్ళు వాటిలో చేరతాయి. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. కాలువలో నీరు కదలాలంటే కొంత వాలు ఉండాలి. రెండు వందలకి ఒకటి చొప్పున చూసుకున్నా అరవై మీటర్ల సందుకి ముప్ఫై సెంటీమీటర్ల వాలు. అంత వాలుతో కాలువ తీసుకుపోతే సందు చివర అది పెద్దకాలువలో పూడిక మట్టం కన్నా పన్నెండు సెంటీమీటర్లు కిందకి తేలుతుంది. అంటే కాలువ కట్టినా, పెద్దకాలువ పూడిక తియ్యకపోతే నీరు అటు పోవడానికి బదులు ఇటు వస్తుంది. రోడ్డు, కాలువ, పెద్దకాలువ – ఈ మూడూ ఒకే లెక్క. మునిసిపాలిటీ ఫైళ్ళలో మాత్రం మూడూ మూడు ముక్కలు. వీటికి తోడు మంచినీళ్ళ పైపులది నాలుగో ముక్క. 2015లో వచ్చిన అమృత్ పథకం కింద పైపులు వేసిన ఊళ్ళలో, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డుని నెల తిరక్కుండా తవ్వడం మీలో చాలామంది చూసే ఉంటారు. ముందు పైపు, తరవాత కాలువ, ఆఖర్న రోడ్డు అన్నది ఏ తాపీమేస్త్రీని అడిగినా చెబుతాడు. ఐతే డబ్బు ఆ వరసలో రాదు. అందుకే వచ్చిన డబ్బుని ఆ వరసలోకి తెచ్చే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి కౌన్సిలే కావాలి.

జనం కూడా ఆ నిర్ణయంలో కూర్చునే ఏర్పాట్లు చేసిన చోట్లున్నాయి. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరంలో 1989 నుంచి పేటల వారీగా సభలు పెట్టి బడ్జెటులో పనుల వరస జనం చేతే పెట్టించారు. వీధులకి రాళ్ళు పరచడం, మురుగు కాలువలు అందులో ప్రధానమైనవి. కేరళలో 1996లో ప్రజాప్రణాళిక పేరుతో వార్డు సభలకి పని వచ్చింది. పుణె నగరంలో 2006 నుంచి బడ్జెటుకి ముందు పౌరుల నుంచి చిన్న పనుల సూచనలు తీసుకున్నారు. మన విశాఖపట్నంలోనే 1988లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలైన మురికివాడల అభివృద్ధి పథకంలో కాలిబాటలు, కాలువలు, దీపాలు, నీళ్ళు కలిపి ఒకే చోట చేశారు. తెలంగాణా 2019 నాటి కొత్త మునిసిపాలిటీల చట్టంలో వార్డుకి నాలుగు కమిటీలు పెట్టింది. యువకులకి ఒకటి, స్త్రీలకి ఒకటి, వృద్ధులకి ఒకటి, ప్రముఖులకి ఒకటి, ఒక్కోదానిలో పదిహేనుమంది. యువకుల కమిటీ ఉన్న ఊరి విద్యార్థులు అందులో ఎవరున్నారో ఒకసారి అడిగి తెలుసుకోవాలి. కాగితం మీద మన పేరున్న కమిటీని మనం ఎరగకపోవడం ఏం బాగు? రాజ్యాంగంలోని 243–ఎస్ అధికరణం మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లోనే వార్డు కమిటీలు తప్పనిసరి అంది. మాలాంటి చిన్న ఊళ్ళకి ఆ భాగ్యం లేదు. మాకు మిగిలింది సోమవారం అర్జీల రోజు.

ఆ సోమవారమే మా కొలతల కాగితాన్ని అర్జీకి జతచేసి ఇచ్చాం. సందులో పంతొమ్మిది ఇళ్ళకి పదహారు ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. పెట్టని మూడూ పునాది లేపి కట్టుకున్న కొత్త మేడలు. వాళ్ళకి రోడ్డు ఎత్తుగా ఉంటేనే బండి ఎక్కించడానికి సుఖం. వారి వాదన వారిది. కౌన్సిలరు గారు మొదట కోప్పడ్డారు. "నేను తెచ్చిన రోడ్డుని మీరు ఆపుతారా? ఈ సొమ్ము పక్క వార్డుకి పోతే మళ్ళీ వస్తుందా?" అన్నారు. ఆ భయం నిజమైనదే. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా పని మొదలుకాకపోతే ఆ సొమ్ము మరో పనికి మళ్ళే అవకాశం ఉంది. మా సందులోనే కొందరు, "వచ్చింది పుచ్చుకోక ఈ కుర్రాళ్ళ మాట విని చెడిపోతాం" అన్నారు. మామ్మగారి ఇంట్లోకి వాననీళ్ళు వచ్చినప్పుడు ఆవిణ్ణీ, బియ్యం డబ్బానీ, మంచాన్నీ ఆ కౌన్సిలరు గారే ఒకసారి వచ్చి చూశారు. ఆ తరవాత ఆయన ధోరణి మారింది. కౌన్సిలులో ఆ పంక్తి చదివినప్పుడు లేచి, పాత రోడ్డు తవ్వే పద్దు కలిపి ఎస్టిమేటు సవరించాలని అడిగారు. ఆ సమావేశం నేను గ్యాలరీలోంచి చూశాను. ఆయన మాట్లాడింది రెండు నిమిషాలు. వాయిదా వేశారు.

ప్రస్తుతం సంగతి ఇదీ. సవరించిన ఎస్టిమేటులో పాతిక సెంటీమీటర్లు తవ్వి అదే మట్టంలో కొత్త రోడ్డు వెయ్యాలని రాశారు. అంటే రోడ్డు ఇక లేవదు, ఐతే దిగదు కూడా. ఆ ఏడిళ్ళూ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. డబ్బు చాలక నలభై మీటర్లకే కుదించారు. మిగతా ఇరవై మీటర్లు ఏ చివర వదలాలన్నదాని మీద సందులో రెండు పక్షాలయ్యాయి. ఒక పక్క కాలువ మాత్రం మంజూరైంది. అది కలవవలసిన పెద్దకాలువ మునిసిపాలిటీది కాదట, నీటిపారుదల శాఖదట. పూడిక తియ్యమని మునిసిపాలిటీ వారికి ఉత్తరం రాసింది, దాని నకలు మా దగ్గరుంది. వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళాక ఆ శాఖ కార్యాలయంలో మరో అర్జీ ఇవ్వాలి. గొట్టం ఇంకా తిరిగి ఇవ్వలేదు, బాబాయి పనికి కావాలని అడుగుతున్నాడు.